శంషాబాద్ నుంచి శంషాబాద్ దాకా: ఇంట్లో సిమ్యులేటర్ మీద భూమిని చుట్టి రావడం ఎలా

మా ఇల్లు నల్గొండలో. కంప్యూటర్ బల్ల మీద కీబోర్డు పక్కన ఒక లాంగ్ బుక్ ఉంటుంది. అందులో మొదటి వరుస: శంషాబాద్ నుంచి విశాఖపట్నం, 276 నాటికల్ మైళ్లు. చివరి వరుస: అహ్మదాబాద్ నుంచి శంషాబాద్. ఆ రెండు వరుసల మధ్య పదకొండు నెలలు, 47 మజిలీలు, దాదాపు 120 గంటలు ఉన్నాయి. ఆదివారాలూ పండగ సెలవులూ కలుపుకొని, కంప్యూటర్‌లో విమానం నడిపించే సిమ్యులేటర్ మీద భూమిని ఒక చుట్టు చుట్టాను. మీకూ ఆ కోరిక ఉంటే మొదటి రోజు నుంచి ఏం చేయాలో వరుసగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక నియమం పెట్టుకోండి. ఎక్కడ దిగారో అక్కడి నుంచే మళ్లీ ఎగరాలి. సిమ్యులేటర్‌లో మ్యాప్ మీద నొక్కితే క్షణంలో పారిస్‌లో ఉంటారు, ఇంకోసారి నొక్కితే న్యూయార్క్‌లో ఉంటారు. అలా వారం రోజులు తిరిగితే అన్నీ చూసినట్టే ఉంటుంది కానీ ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో మనసుకు పట్టదు. మొదటి ఏడాది నేనూ అలాగే తిరిగాను. ఈ నియమం పెట్టుకున్నాక ఒక ఆదివారం రాత్రి విమానాన్ని యాంగాన్‌లో ఆపి కంప్యూటర్ కట్టేశాను. ఆ వారమంతా డ్యూటీలో ఉన్నా, బజార్లో ఉన్నా, నా విమానం యాంగాన్‌లో ఉందన్న సంగతి గుర్తొస్తూనే ఉంది. అమ్మ కూడా ప్రతి ఆదివారం రాత్రి అన్నం పెడుతూ "ఇయ్యాల ఏ ఊర్ల దిగినవ్ బిడ్డా?" అని అడగడం మొదలుపెట్టింది.

ఏ సిమ్యులేటర్, ఏ కంప్యూటర్

మూడు దారులున్నాయి. మీ కంప్యూటర్ పాతదైతే, డబ్బు పెట్టే ఆలోచన లేకపోతే ఫ్లైట్‌గేర్‌తో మొదలుపెట్టండి. ఇది పూర్తిగా ఉచితం. 1990ల నుంచి ప్రపంచమంతటా ఔత్సాహికులు కలిసి తయారు చేస్తున్న సాఫ్ట్‌వేర్. నేల దృశ్యాలు సాదాగా ఉంటాయి. కానీ విమానం నడక నేర్చుకోవడానికి, భూమిని చుట్టడానికి ఏ లోటూ లేదు. ఎగరబోయే ప్రాంతాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు కాబట్టి నెట్ సరిగా లేని ఊళ్లలో ఇదే నయం.

రెండోది ఎక్స్-ప్లేన్ 12. విమానం మీద గాలి ఎలా పనిచేస్తుందో చక్కగా లెక్కగట్టి చూపిస్తుంది. కొనేముందు ఉచిత డెమో వేసి మీ కంప్యూటర్ తట్టుకుంటుందో లేదో చూసుకోండి.

మూడోది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. 2020 ఆగస్టులో ఒకటి, 2024 నవంబర్‌లో ఇంకొకటి వచ్చాయి. ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడి నేలను చూపిస్తుంది కాబట్టి మన చెరువులు, గుట్టలు, రోడ్లు గుర్తుపట్టేలా ఉంటాయి. దీనికి మంచి గ్రాఫిక్స్ కార్డు, కనీసం 16 జీబీ ర్యామ్, ఆగకుండా వచ్చే నెట్ కావాలి. దృశ్యాలు ఎగురుతున్నప్పుడే నెట్ నుంచి దిగుతుంటాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడితే ఆ రోజు డేటా అరగంటలోనే అయిపోవచ్చు. ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

చేతికి ఒక జాయ్‌స్టిక్ కొనండి. కర్రను కుడి ఎడమలకు మెలితిప్పితే రడ్డర్ (విమానం ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పనిచేసే రకం తీసుకుంటే కాళ్ల కింద పెడల్స్ వేరే కొనక్కర్లేదు. కీబోర్డుతో భూమిని చుట్టడం కుదరని పని అనను కానీ ల్యాండింగ్ దగ్గర చేతులు నొప్పి పుడతాయి. మిగతా సామాన్లు, పెద్ద తెరలు, కుర్చీలు ఇప్పుడే వద్దు.

మొదటి నెల: ఇంటి చుట్టూ

భూమిని చుట్టే ముందు మన జిల్లాను చుట్టండి. సెస్నా 172 తీసుకోండి. నాలుగు సీట్లు, ఒక ఇంజిన్. పైలట్ చదువు మొదలుపెట్టే వాళ్లలో చాలామందికి ఇదే మొదటి విమానం. శంషాబాద్ రన్‌వే మీద పెట్టుకోండి. అక్కడి పెద్ద రన్‌వే 4,260 మీటర్ల పొడవు, సెస్నాకు అందులో పదో వంతు చాలు. థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే మీట) పూర్తిగా తోసి, వేగం 55 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) రాగానే కర్రను మెల్లగా వెనక్కు లాగండి. 74 నాట్ల వేగం నిలబెట్టుకుంటూ పైకి ఎక్కండి. అప్పుడే ట్రిమ్ వాడటం నేర్చుకోండి. కర్ర మీద చేయి తీసినా ముక్కు పైకీ కిందికీ పోకుండా నిలిచేలా ట్రిమ్ చక్రం తిప్పాలి. ఇది పట్టుబడని వాళ్లు కర్రతో కుస్తీ పడుతూనే ఉంటారు, గంట దాటేసరికి విసుగొచ్చి మానేస్తారు.

దిక్సూచిని సుమారు 103 డిగ్రీల మీద ఉంచి, 5,500 అడుగుల ఎత్తులో సాగితే దాదాపు 49 నాటికల్ మైళ్లలో నల్గొండ వస్తుంది. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, అంటే ఇది 90 కిలోమీటర్లు. అరగంటలోపు ప్రయాణం. జీపీఎస్ చూడకుండా కిటికీలోంచి చూస్తూ రండి. ఎడమ పక్క దూరంగా విజయవాడ హైవే వంపులు తిరుగుతూ కనిపిస్తుంది. ముందు రాళ్ల గుట్టలు కనిపిస్తాయి, వాటి దగ్గరే ఊరు, ఊరి పక్కన పానగల్ చెరువు. అక్కడి నుంచి దక్షిణానికి తిరిగితే 30 నాటికల్ మైళ్లలో నాగార్జునసాగర్. కృష్ణానది, డ్యామ్, వెనక జలాశయం, ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ వైపు పచ్చటి పొలాలు, మన వైపు ఎర్రటి బీడు నేలలు, బత్తాయి తోటలు. ఏళ్ల తరబడి బస్సులో తిరిగిన జిల్లా రూపం నాకు పై నుంచి చూశాకే అర్థమైంది. మీది పాలమూరు వైపు అయితే జూరాల, శ్రీశైలం, నల్లమల మీదుగా ఒక చుట్టు వేయండి. నేల చూసి దారి పట్టడం ఇక్కడ వస్తే రేపు అలాస్కాలోనూ వస్తుంది.

సాగర్ దగ్గర కృష్ణకు అవతల ఒడ్డున ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. మీ సిమ్యులేటర్‌లో కనిపిస్తే అక్కడ దిగండి, లేకపోతే డ్యామ్ మీద ఒక చుట్టు తిరిగి శంషాబాద్ రండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) దించి, 65 నాట్ల మీద రన్‌వే వైపు రావాలి. వరుసగా పది ల్యాండింగ్‌లు విమానం ఎగిరిపడకుండా, రన్‌వే దాటకుండా వస్తే మీరు బయలుదేరడానికి సిద్ధం. నాకు ఐదు వారాలు పట్టింది. తొందరపడకండి, ఈ నెలలో నేర్చుకున్నదే ఏడాదంతా తింటారు.

విమానం

ఎంత ఇష్టమున్నా సెస్నా 172తో సముద్రాలు దాటాలనుకోకండి. ఎదురుగాలి లేకుండా, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా వెళ్తే 600 నాటికల్ మైళ్ల పైన కొద్దిగా వస్తుంది. పసిఫిక్ ఉత్తరాన, అట్లాంటిక్ ఉత్తరాన 650 నుంచి 700 మైళ్ల మజిలీలు తప్పవు.

నేను సెస్నా కారవాన్ ఎంచుకున్నాను. ఒకే టర్బోప్రాప్ (టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే) ఇంజిన్, 170 నాట్ల పైన వేగం, ట్యాంకులో సుమారు 2,200 పౌండ్ల ఇంధనం. గంటకు 400 పౌండ్లు తాగుతుందని లెక్కేసుకుంటే ఐదు గంటలు గాల్లో ఉంటుంది. చిన్న రన్‌వేల మీద దిగుతుంది. మెల్లగా పోతుంది, ఎత్తు తక్కువ కాబట్టి నేల కనిపిస్తుంది. తొందరగా ముగించాలనుకునే వాళ్లు టీబీఎం 930 తీసుకోవచ్చు. 300 నాట్ల పైన పోతుంది, కాబట్టి 120 గంటల ప్రయాణం 70 గంటల దగ్గరకు వస్తుంది. జెట్ విమానాలు మాత్రం ఈ పనికి వద్దంటాను. 35,000 అడుగుల ఎత్తు నుంచి థాయిలాండ్ అయినా టర్కీ అయినా మబ్బుల కింద ఒకేలా కనిపిస్తాయి.

దారి గీసుకోవడం

పిల్లలు బడికి వాడే గ్లోబు ఒకటి, కుట్టు దారం ఒక మూర తీసుకోండి. గ్లోబు మీద టోక్యో దగ్గర దారం ఒక కొన, వాంకూవర్ దగ్గర ఇంకో కొన పెట్టి బిగించి లాగండి. దారం సముద్రం మధ్యకు పోకుండా పైకి జరిగి అల్యూషియన్ దీవుల పక్కగా పోతుంది. గుండ్రటి భూమి మీద దగ్గర దారి అదే. గోడ మీది మ్యాపులో వంకరగా కనిపించేది గ్లోబు మీద తిన్నగా ఉంటుంది. చిన్న విమానాలు పసిఫిక్‌ను ఉత్తరం నుంచి దాటితే దారి దగ్గరవుతుంది, పైగా నడుమ దిగడానికి దీవులుంటాయి.

తూర్పుకు వెళ్లాలా, పడమరకా? తూర్పుకే వెళ్లండి. ఉష్ణమండలం దాటి ఉత్తరానికి పోయిన కొద్దీ పైగాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి, వెనక నుంచి తోస్తాయి. శంషాబాద్ నుంచి హాంకాంగ్ దాకా ఈ లాభం పెద్దగా ఉండదు, జపాన్ దాటాక బాగా తెలుస్తుంది. బయలుదేరడానికి మార్చి మంచిది. బంగాళాఖాతం మీద వానాకాలం రాకముందే దాటేస్తారు, అలాస్కా, గ్రీన్‌లాండ్ చేరేసరికి అక్కడ ఎండాకాలం. సిమ్యులేటర్‌లో అప్పటికప్పుడు బయట ఉన్న వాతావరణాన్నే పెట్టుకోండి, అప్పుడే ఈ కాలాల లెక్కకు అర్థం ఉంటుంది.

నా దారి ఇది. శంషాబాద్, విశాఖపట్నం, కోల్‌కతా, యాంగాన్, బ్యాంకాక్, దా నాంగ్, హాంకాంగ్, తైపే, ఒకినావాలోని నాహా, కగోషిమా, టోక్యో, సప్పోరో దగ్గరి చితోసే. అక్కడి నుంచి రష్యాలోని సఖాలిన్ దీవి, కమ్చత్కాలోని పెట్రోపావ్లోవ్స్క్. తర్వాత అల్యూషియన్ దీవుల్లో షెమ్యా, అడాక్, ఆపైన కోల్డ్ బే, యాంకరేజ్, జూనో, వాంకూవర్. ఉత్తర అమెరికా దాటి కెనడా తూర్పున గూస్ బే. అట్లాంటిక్ మీద గ్రీన్‌లాండ్‌లోని నార్సార్సువాక్, ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్, ఫారో దీవుల్లో వాగర్, స్కాట్లాండ్‌లో విక్. యూరప్ కిందికి దిగి కైరో, రియాద్, మస్కట్, కరాచీ, అహ్మదాబాద్, మళ్లీ శంషాబాద్.

ఇలా తిన్నగా వెళ్తే మొత్తం దాదాపు 18,500 నాటికల్ మైళ్లు, అంటే 34 వేల కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ ఒక సంగతి ఉంది. అంతర్జాతీయ ఏరోనాటికల్ సమాఖ్య భూమిని చుట్టిన రికార్డుగా ఒప్పుకోవాలంటే కర్కట రేఖ పొడవు, అంటే 36,787.559 కిలోమీటర్లకు తక్కువ కాకుండా తిరగాలి, అన్ని రేఖాంశాలూ దాటాలి, బయలుదేరిన చోటే దిగాలి. ఇంట్లో ఆడుకునే మనకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా తక్కువ తిరిగి చుట్టాననడం నాకు నచ్చలేదు. అందుకే వాంకూవర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు దిగి, గ్రాండ్ కాన్యన్ చూసుకుంటూ, చికాగో మీదుగా మళ్లీ పైకెక్కాను. యూరప్‌లోనూ కొంత పక్కకు తిరిగి ఆ లెక్క దాటించాను. మీరూ అలాగే చేయండి, అదనంగా కొన్ని ఆదివారాలే కదా.

రెండో మజిలీ కోల్‌కతాలో దిగినప్పుడు ఒక్క క్షణం ఆగండి. భూమిని మొట్టమొదట విమానంలో చుట్టిన అమెరికా సైన్యం వాళ్లు 1924లో ఇక్కడే ఆగి, నీటి మీద దిగే ఫ్లోట్లు విప్పేసి చక్రాలు బిగించుకున్నారు. సియాటిల్‌లో ఏప్రిల్ 6న నాలుగు విమానాలు బయలుదేరితే సెప్టెంబర్ 28కి రెండు మాత్రమే చుట్టు పూర్తి చేసి తిరిగొచ్చాయి, 175 రోజులు. 1937 జూన్‌లో అమెరికా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ కోల్‌కతాలోని డమ్‌డమ్ విమానాశ్రయంలో దిగి వెళ్లింది, జులై 2న పసిఫిక్‌లో కనిపించకుండా పోయింది. 1964లో జెర్రీ మాక్ అనే ఒహాయో గృహిణి ఒక్కతే సెస్నా 180లో ఢిల్లీ, కోల్‌కతా మీదుగా వెళ్లి 29 రోజుల్లో ఇల్లు చేరింది. ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి మహిళ ఆమే. మనవాళ్లూ ఉన్నారు. 2007లో మన వైమానిక దళం అధికారులు రాహుల్ మోంగా, అనిల్ కుమార్ ఢిల్లీ దగ్గరి హిండన్ నుంచి ఒక మైక్రోలైట్‌లో బయలుదేరి సుమారు 80 రోజుల్లో చుట్టి వచ్చారు. మైక్రోలైట్ అంటే మన కారవాన్ పక్కన బొమ్మలా ఉంటుంది. వాళ్లకు చలి ఉంది, ప్రాణభయం ఉంది. మనకు అవి లేవు కాబట్టి కనీసం లెక్కల దగ్గరైనా నిజాయితీగా ఉండాలని నేను అనుకుంటాను.

ప్రతి మజిలీకి ముందు రాత్రి

లిటిల్ నావ్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి. విమానాశ్రయాలు, రన్‌వే పొడవులు, గాలులు, దూరాలు అన్నీ చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్, ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్లకు కలిపితే మీ విమానం మ్యాపు మీద కదులుతూ కనిపిస్తుంది. ఫ్లైట్‌గేర్ వాళ్లు దీంట్లో ప్లాన్ వేసుకుని ఎగుమతి చేసుకోవచ్చు.

అక్కడ చూసిందంతా లాంగ్ బుక్‌లో చేత్తో రాయండి. దూరం, దిక్కు, ఎత్తు, దిగే రన్‌వే పొడవు, అది ఎంత ఎత్తులో ఉంది, అక్కడ దిగలేకపోతే పక్కన ఇంకేది ఉంది. ఎత్తుకు ఒక పద్ధతి ఉంది. తూర్పు దిక్కుకు పోతుంటే బేసి వేలు, పడమరకు సరి వేలు, కంటితో చూసుకుంటూ ఎగిరేవాళ్లు దానికి 500 కలుపుకోవాలి. అంటే తూర్పుకు 9,500 లేదా 11,500.

ఇంధనం లెక్క మాత్రం సాఫ్ట్‌వేర్ మీద వదిలేయకుండా మీరే వేయండి. నేను సఖాలిన్ దగ్గర వేసిన లెక్క చూపిస్తాను. పెట్రోపావ్లోవ్స్క్ అక్కడి నుంచి సుమారు 714 నాటికల్ మైళ్లు. గాలి లేకపోతే 170 నాట్లతో 4 గంటల 12 నిమిషాలు, 1,680 పౌండ్లు. ఎప్పుడూ ముప్పావు గంట ఇంధనం చేతిలో మిగలాలి, అది 300. మొత్తం 1,980, ట్యాంకులో 2,200 ఉంది కాబట్టి పోవచ్చు. ఆ రోజు మాత్రం 30 నాట్ల ఎదురుగాలి ఉంది. నేల మీద వేగం 140కి పడిపోయింది, 5 గంటల 6 నిమిషాలు అయింది, 2,040 పౌండ్లు, పైన 300, మొత్తం 2,340. ట్యాంకులో పట్టదు. కూర్చున్నవాణ్ని లేచి కంప్యూటర్ కట్టేశాను. తర్వాతి ఆదివారం గాలి తిరిగింది, అప్పుడు వెళ్లాను. సిమ్యులేటర్‌లో గాలిని సున్నా చేసి వెళ్లిపోయే మీట ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి.

దిగడానికి ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముందే రాసుకోండి. దిగాల్సిన ఎత్తును వేలల్లో తీసుకుని మూడుతో గుణిస్తే అన్ని నాటికల్ మైళ్ల ముందు మొదలుపెట్టాలి. 9,500 నుంచి 500 అడుగులకు రావాలంటే తొమ్మిది వేలు, కాబట్టి 27 మైళ్ల ముందు. నేల మీద వేగాన్ని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 160 నాట్లకు 800 అడుగులు.

పసిఫిక్ దీవులు

షెమ్యా, అడాక్, కోల్డ్ బే. ఈ మూడు పేర్లు నాకు ఇప్పుడు మా చుట్టాల ఊళ్ల లాంటివి. పెట్రోపావ్లోవ్స్క్ నుంచి 565 నాటికల్ మైళ్లు వట్టి నీళ్ల మీద పోతే షెమ్యా వస్తుంది. నాలుగు మైళ్ల పొడవున్న చదునైన దీవి, దాని మీద మూడు కిలోమీటర్ల రన్‌వే. మబ్బులు నేలకు ఆనుకుని ఉంటాయి. రన్‌వే దాకా రేడియో సంకేతం పట్టుకుని దిగే పద్ధతి, ఐఎల్ఎస్ అంటారు, అది రాకుండా ఇక్కడికి రాకండి. శంషాబాద్‌లో, విశాఖలో, కోల్‌కతాలో దాన్ని ముందే సాధన చేయండి.

ఇక్కడే తేదీ కూడా మారుతుంది. ఆదివారం మధ్యాహ్నం కమ్చత్కా వదిలితే షెమ్యాలో శనివారం సాయంత్రం దిగుతారు. అయోమయం లేకుండా లాంగ్ బుక్‌లో అన్ని సమయాలూ గ్రీన్‌విచ్ లెక్కలోనే రాయండి, మన టైము నుంచి ఐదున్నర గంటలు తీసేస్తే చాలు.

ఈ దీవుల మీద రెండు జాగ్రత్తలు. మొదటిది మంచు. మబ్బులోకి వెళ్లే ముందే పిటో హీట్ (వేగం కొలిచే గాలి గొట్టాన్ని వేడిచేసేది), రెక్కల మంచు తీసే మీటలు వేయండి. అడాక్ దాటాక నేను పిటో హీట్ మర్చిపోయాను. వేగం ముల్లు మెల్లగా పడిపోతూ వచ్చింది. ఇంజిన్ బాగానే ఉంది, ఎత్తు మారలేదు, మరి వేగం ఎందుకు తగ్గుతోందని ఐదు నిమిషాలు ఒకటే టెన్షన్. గాలి కొలిచే గొట్టం గడ్డకట్టింది, అంతే. మీట వేశాక మళ్లీ పైకి వచ్చింది.

రెండోది ఆల్టీమీటర్. అది ఎత్తును గాలి పీడనంతో కొలుస్తుంది. ప్రామాణిక పీడనం 1013 మిల్లీబార్ల మీద ఉంచేసి, అసలు పీడనం 990 ఉన్న చోట దిగితే, ముల్లు చూపించే దానికంటే మీరు 600 అడుగుల పైనే కింద ఉంటారు. ఆ చలి సముద్రం మీద అల్పపీడనాలు మామూలే. కోల్డ్ బే దగ్గర ముల్లు 900 చూపిస్తుండగా మబ్బు చీలి, రెక్క కిందే అలలు కనిపించాయి. థ్రాటిల్ తోసి పైకి లాగాను, గుండె మాత్రం చాలాసేపు కొట్టుకుంది. దిగే విమానాశ్రయం ఎంత పీడనం చెబుతోందో చూసి పెట్టుకోవడం అప్పటి నుంచి మర్చిపోలేదు. అమెరికాలో దాన్ని అంగుళాల్లో చెబుతారు, ప్రామాణికం 29.92. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో బీ అక్షరం నొక్కితే అదే సర్దుకుంటుంది కానీ చేత్తో తిప్పి పెట్టుకోవడమే అలవాటు చేసుకోండి.

గ్రీన్‌లాండ్ దగ్గర

మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన మజిలీ గూస్ బే నుంచి నార్సార్సువాక్. 676 నాటికల్ మైళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు అట్లాంటిక్ దాటించే విమానాల కోసం కట్టిన రన్‌వే అది, పొడవు 1,830 మీటర్లు. సముద్రం నుంచి కొండల మధ్యకు చొచ్చుకుపోయిన ఒక పొడవాటి నీటి పాయ చివర ఉంటుంది. తీరం దగ్గర అలాంటి పాయలు ఎన్నో. తప్పు పాయలోకి దూరితే చివర రన్‌వే ఉండదు, కొండ ఉంటుంది. అందుకే ముందు రాత్రి మ్యాపు మీద ఆ పాయ ఒంపులు లెక్కపెట్టి రాసుకోండి. నీళ్ల మీద తెల్లటి మంచు గడ్డలు, రెండు పక్కలా గోధుమ రంగు కొండలు, చివర వాలుగా ఉన్న రన్‌వే, దాని వెనక మంచు నది. మబ్బు కిందికి ఉన్న రోజు మాత్రం వెళ్లకండి. దిగలేకపోతే ఎక్కడికి పోవాలో ఇంధనంతో సహా లెక్క ఉండాలి.

ఇదే మజిలీ నేను రెండుసార్లు ఎగరాల్సి వచ్చింది. మొదటిసారి మూడు గంటలు ఎగిరాక మా వాడలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోంది, కంప్యూటర్ ఆరిపోయింది, సేవ్ చేయలేదు. ఆ సాయంత్రం మళ్లీ గూస్ బే నుంచి మొదలుపెట్టాను. అప్పటి నుంచి చేస్తున్నది చెబుతాను, మన ఊళ్లలో ఇది అందరికీ పనికొస్తుంది. కంప్యూటర్‌కు వేరే యూపీఎస్ పెట్టండి, పది నిమిషాలు నిలబెట్టినా చాలు, సేవ్ చేసుకోవచ్చు. ప్రతి అరగంటకూ లాంగ్ బుక్‌లో ఒక వరుస రాయండి: సమయం, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, దిక్కు, మిగిలిన ఇంధనం. అంతా పోయినా ఆ వరుస ఉంటే మ్యాపు మీద అదే చోట, అదే ఎత్తులో, అంతే ఇంధనంతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. మన నియమం కూడా చెడదు.

ఎండాకాలం సంగతి కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మా గదిలో మధ్యాహ్నం పూట కంప్యూటర్ వేడెక్కి చిత్రం ఆగి ఆగి వచ్చేది. ఆ రెండు నెలలూ పొద్దున నాలుగున్నరకు లేచి ఎగిరాను. చల్లగా ఉంటుంది, నెట్ వేగంగా వస్తుంది, ఇంట్లో ఎవరికీ అడ్డం ఉండదు. నెలకోసారి డబ్బా విప్పి ఫ్యాన్ల మీది దుమ్ము తుడవండి.

పొడుగు మజిలీల్లో ఆటోపైలట్ వేసుకోండి, తప్పేమీ లేదు. కాలాన్ని రెండింతలు, నాలుగింతలు చేసే వీలు కూడా ఉంటుంది. నేను వాడలేదు. సముద్రం మీద నాలుగు గంటలు ఏం చేస్తారని అడిగేవాళ్లుంటారు. వెళ్తున్న ఊరి గురించి చదువుతాను, బుక్ నింపుతాను, అమ్మతో మాట్లాడతాను. మీకు వీలు కాకపోతే మజిలీని రెండు ముక్కలు చేసి, సేవ్ చేసి రెండు రోజుల్లో ఎగరండి. ఇంకో మాట, నిజమైన మనుషులు కంట్రోలర్లుగా కూర్చునే వాట్‌సిమ్ అనే ఉచిత నెట్‌వర్క్ ఉంది. మొదటి చుట్టు పూర్తయ్యాక అందులోకి వెళ్లండి, రేడియో భాష నేర్చుకోవడమే ఒక పెద్ద పని.

చివరి మజిలీ

యూరప్ నుంచి ఇంటి దాకా దారి సులువే. రోమ్, ఏథెన్స్ మీదుగా కైరో చేరేసరికి మీ చేతులు వాటంతట అవే పని చేస్తుంటాయి. ఎడారి మీద మధ్యాహ్నం గాలి ఎగుడుదిగుడుగా ఉంటుంది, పొద్దున పూట పెట్టుకోండి. మస్కట్ నుంచి కరాచీకి 490, అక్కడి నుంచి అహ్మదాబాద్‌కు ఇంకో రెండు గంటలు.

అహ్మదాబాద్ నుంచి శంషాబాద్ 480 నాటికల్ మైళ్లు. తిన్నగా వచ్చి దిగేయకండి. ఇంధనం ఒక గంట ఎక్కువ పోయించుకుని, శంషాబాద్ పక్క నుంచి ముందుకు సాగి మీ ఊరి మీద ఒక చుట్టు తిరగండి. నేను నల్గొండ గుట్టల మీద 3,500 అడుగుల్లో రెండుసార్లు తిరిగాను. అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టాను. ఇల్లు కనిపించలేదు కానీ పానగల్ చెరువు చూసి "గీడనే మనం" అని తెర మీద వేలు పెట్టి చూపించింది. అక్కడి నుంచి పడమరకు తిరిగి, మొదటి రోజు ఎగిరిన రన్‌వే మీదే దిగండి. ఇంజిన్ ఆపి, బుక్‌లో సమయం, మొత్తం మైళ్లు, ట్యాంకులో మిగిలిన పౌండ్లు రాయండి. నాకు 610 మిగిలాయి.